ఉప్పునీటి గాలపు రీళ్ళ సేకరణ, పునరుద్ధరణ: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: సముద్రంలో కర్రతో, గాలంతో భారీ చేపలను పట్టే క్రీడ 19వ శతాబ్దపు చివరి దశాబ్దాలలో అమెరికా తీరాలలో స్థిరపడింది. ఆనాటి రీళ్ళను వెదకి తెచ్చి, విప్పి, శుభ్రపరచి, మళ్ళీ తిరిగేట్టు చేయడం నేడు అక్కడ చాలామందికి ఇష్టమైన వ్యాసంగం. అయితే వస్తువుకు మెరుగు తెచ్చే ప్రతి పనీ దానిలో దాగిన ఆధారాన్ని కొంత చెరిపివేస్తుంది. ఒక రీలును ఎంతవరకు బాగుచేయవచ్చుననేది దాని వయస్సు కన్నా అది తయారైన పద్ధతిపైనే ఎక్కువగా ఆధారపడుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: గాలపు రీలు, జర్మన్ సిల్వర్, ఎబొనైట్, బేకలైట్, పునరుద్ధరణ, వస్తు సంస్కృతి.

1. చేతిపని కాలం

గాలపు కర్ర పిడి దగ్గర అమర్చి, దారాన్ని వదలడానికీ చుట్టుకోవడానికీ వాడే చిన్న యంత్రం రీలు. వలలు, చేతితాళ్ళు ప్రధానమైన ఆంధ్ర తీరపు వేటలో దీనికి పెద్దగా చోటు లేదు. దీని చరిత్ర వేరే తీరాలది. పిడిని ఒకసారి తిప్పితే దారపు చుట్ట పలుమార్లు తిరిగేలా పళ్ళచక్రాలు అమర్చిన రీలును 19వ శతాబ్దపు తొలినాళ్ళలో అమెరికాలో చేసినవాడిగా కెంటకీ రాష్ట్రంలోని పారిస్ పట్టణపు గడియారాల పనివాడు జార్జ్ స్నైడర్‌ను చెబుతారు. అతని తరువాత అదే రాష్ట్రంలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో మీక్ సోదరులు ఈ పనికి పేరుపొందారు. వారి రీళ్ళలో మరమేకు తలపైన ఒక అంకె, అది బిగిసే రంధ్రం దగ్గర అదే అంకె కనిపిస్తాయి. ఏ మేకును ఆ రంధ్రానికే చేతితో అమర్చారు కాబట్టి ఒకదాని చోట మరొకటి ఇమడదు. గడియారపు పని అలవాట్లు గాలంలోకి ప్రవేశించిన తీరుకు ఇంతకన్న మంచి సాక్ష్యం అక్కరలేదు.

మీక్ రీళ్ళు మంచినీటి చేపలకు ఉద్దేశించినవి. సముద్రపు చేపల బరువుకు తగిన రీళ్ళను పేరుకు తెచ్చినది న్యూయార్క్‌లోని వోమ్ హోఫె కుటుంబం. ఎడ్వర్డ్ వోమ్ హోఫె, జూలియస్ వోమ్ హోఫె ఎవరికి వారుగా నడిపిన దుకాణాలలో నల్లని గట్టి రబ్బరు పలకలు, తెల్లని జర్మన్ సిల్వర్ వలయాలు కలిసిన రీళ్ళు తయారయ్యాయి. జర్మన్ సిల్వర్‌లో వెండి లేదు. అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం. ఈ పేరు తెలుగు ఇళ్ళ వంటసామాను ద్వారా పాఠకులకు పరిచితమే.

1898 జూన్ 1న కాలిఫోర్నియాలోని కాటలీనా దీవి దగ్గర చార్లెస్ ఫ్రెడరిక్ హోల్డర్ 183 పౌండ్ల ట్యూనాను కర్రతో పట్టాడు. ఆ పోరు 3 గంటల 45 నిమిషాలు సాగింది. అదే సంవత్సరం అవలాన్‌లో ట్యూనా క్లబ్ ఏర్పడింది. అప్పటి రీళ్ళలో చేప దారాన్ని లాగినప్పుడు పిడి కూడా వెనక్కు గిర్రున తిరిగేది. అది తగిలి వేటగాడి వేళ్ళ కణుపులు చితికేవి. చుట్టను ఆపడానికి ఉన్నది బొటనవేలితో అదిమే తోలుముక్క మాత్రమే. విలియం బోషెన్ ఆలోచనతో జూలియస్ వోమ్ హోఫె దుకాణం చేసిన ‘బి-ఓషన్’ రీలులో ఈ బాధ తప్పింది. లోపల ఒకదానిపై ఒకటి పేర్చిన పట్టీలను పిడి దగ్గరి నక్షత్రాకారపు చక్రంతో బిగిస్తే, పిడి నిలిచి ఉండగానే చుట్ట తగిన నిరోధంతో దారాన్ని వదులుతుంది. 1913లో బోషెన్ కాటలీనా దగ్గర 355 పౌండ్ల బ్రాడ్‌బిల్ ఖడ్గమత్స్యాన్ని పట్టాడు. కర్రతో, రీలుతో ఆ జాతి చేపను పట్టడం అదే మొదటిసారి.

2. కర్మాగారపు కాలం

వోమ్ హోఫె రీళ్ళు సంపన్నుల వస్తువులు. సామాన్యుడి చేతికి సముద్రపు రీలును అందించిన మార్పు ఫిలడెల్ఫియాలో జరిగింది. జర్మనీ నుంచి వలస వచ్చిన ఒట్టో హెంజ్ అక్కడి ఓషన్ సిటీ కంపెనీలో పనిచేసి, 1932లో సొంతంగా పెన్ ఫిషింగ్ టాకిల్ సంస్థను స్థాపించాడు. 1933లో తొలి రీళ్ళు, 1936లో పెద్ద చేపల కోసం ‘సెనేటర్’ అంగడికి వచ్చాయి. గట్టి రబ్బరు స్థానంలో బేకలైట్, జర్మన్ సిల్వర్ స్థానంలో క్రోమియం పూసిన ఇత్తడి చేరాయి. అన్నింటికన్న ముఖ్యమైన భేదం భాగాల ఏకరూపత. ప్రతి భాగానికీ ఒక సంఖ్య, ప్రతి నమూనాకూ ఒక భాగాల పటం ఉండేవి. విరిగిన ముక్కను అదే సంఖ్యతో తెప్పించుకొని, స్క్రూడ్రైవర్ ఉన్నవాడెవడైనా పడవలోనే బిగించుకోగలిగాడు. అనేక భాగాలు దశాబ్దాల తరబడి పెద్దగా మారలేదు.

సేకర్తల అంగడిలో వోమ్ హోఫె రీళ్ళకున్న గౌరవం సాధారణ పెన్ రీళ్ళకు లేదు. చరిత్రకారుడి దృష్టిలో ఈ తూకం సరికాదు. సంపన్నుడి రీలు తోలుపెట్టెలో భద్రంగా నిలిచింది. అద్దె పడవల మీద రోజూ ఉప్పునీటిలో తడిసిన రీలు అరిగి, తుప్పుపట్టి, చెత్తలో పడింది. మిగిలినవాటిని మాత్రమే చూసి ఆనాటి వేటను ఊహిస్తే అది క్లబ్బు సభ్యుల వేటగానే కనిపిస్తుంది.

3. ఉప్పు, చిలుము, మెరుగు

ఉప్పునీటి రీలు పాడయ్యే తీరు ప్రత్యేకమైనది. పైకి శుభ్రంగా కనిపించే రీలును విప్పితే పలకకూ వలయానికీ నడుమ ఉప్పు గడ్డకట్టి, ఇత్తడి మీద పచ్చని చిలుము పేరుకొని ఉంటుంది. క్రోమియం పూతలో సూదిమొనంత లోపమున్నా ఉప్పు దాని కిందికి చేరి పూతను పొరలుగా లేపుతుంది. భిన్నలోహాలు తాకేచోట క్షయం మరింత వేగంగా సాగుతుంది. కదలని మరమేకును బలవంతంగా తిప్పితే తల విరుగుతుంది, లేదా పలక చిట్లుతుంది. అందుకే అనుభవజ్ఞులు నూనె వేసి రోజుల తరబడి వేచివుంటారు. ఈ వ్యాసంగంలో సగం ఓర్పే.

శుభ్రపరచడంలోనే అసలు చిక్కు. ఇత్తడి బిందెను చింతపండుతో తోమి తళతళలాడించే అలవాటున్నవారికి ఆమ్లం చేసే పని తెలుసు. బిందె ప్రతిరోజూ వాడే వస్తువు కాబట్టి అది దానికి తగినదే. రీలు భాగాలను వెనిగర్‌లో ఎక్కువసేపు నానబెడితే మాత్రం ఇత్తడిలోని జింకు కరిగిపోయి లోహం గులాబిరంగుకు తిరుగుతుంది. ఆ నష్టం తిరిగిరాదు.

గట్టి రబ్బరు కథ వేరు. రబ్బరును అధిక గంధకంతో వేడిచేసి చేసే ఎబొనైట్ ఇది. రాజమహేంద్రవరపు రత్నం కలాలు చూసినవారికి ఈ పదార్థం కొత్తది కాదు. ఏళ్ళ తరబడి వెలుతురు తగిలితే దాని నలుపు పచ్చదనం కలిసిన గోధుమరంగులోకి మారుతుంది. వేడినీటిలో వేస్తే ఆ మార్పు ఒక్కసారిగా బయటపడుతుంది. రంగు మారిన పొరను అరగదీసి నలుపు తెప్పించేవారున్నారు. కాని యజమాని పేరో, తయారీదారు ముద్రో చెక్కివుండేది ఆ పైపొరలోనే. ప్రతి మెరుగుతో అక్షరాల లోతు తగ్గుతుంది. పేరు చదవరాని రీలు ఎంత మెరిసినా ఎవరిదో చెప్పలేని వస్తువుగా మిగిలిపోతుంది.

4. కాలనిర్ణయ సమస్య

చేతితో చేసిన రీలులో మార్పును పట్టుకోవడం కొంత సులభం. అంకెలు కలవని మరమేకు, రంధ్రానికి వదులైన మేకుతల తరువాతి చేతిపనిని బయటపెడతాయి. పెన్ రీలులో ఆ సాక్ష్యం దొరకదు. 1930ల నాటి చట్రంలో 1950ల నాటి పిడి, 1970ల నాటి పళ్ళచక్రం ఏ అభ్యంతరమూ లేకుండా ఇమిడిపోతాయి. సామాన్యుడి రీలును బతికించిన ఏకరూపతే దాని కాలాన్ని మరుగుపరచింది.

దారం మార్పు ఈ సమస్యను పెంచింది. నైలాన్‌కు ముందు వాడిన అవిసెనార దారాన్ని పోగుల లెక్కన కొలిచేవారు. ట్యూనా క్లబ్ నియమాలలో గరిష్ఠ పరిమితి 24 పోగులు. వేట ముగిసిన తరువాత ఆ దారాన్ని విప్పి ఆరబెట్టకపోతే కుళ్ళిపోయేది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత వ్యాపించిన ఒంటిపోగు నైలాన్ కుళ్ళదు. కాని ఒత్తిడిలో సాగి, చుట్టుకున్నాక కుంచించుకొని చుట్ట అంచులను పగలగొట్టేది. అందువల్ల పాత రీళ్ళకు లోహపు చుట్టలు అమర్చారు. ఇటువంటి మార్పిడిని నేటి సేకర్త ‘అసలు కానిది’ అని తీసివేసి పాత చుట్ట పెడితే, యుద్ధానంతర వేటగాడు తన సమస్యను పరిష్కరించుకున్న గుర్తు మాయమవుతుంది. నేటి వేటకు వాడదలచి తోలుపట్టీల స్థానంలో కార్బన్ నార పట్టీలు వేయడమూ అటువంటి మార్పే. వాడే వస్తువుకు అది సమంజసం. ఆధారంగా నిలపదలచిన వస్తువుకు కాదు.

ఈ భేదాన్ని గుర్తించిన సేకర్తలు విప్పడానికి ముందే ఫొటోలు తీస్తారు. చిల్లులు పొడిచిన అట్టముక్క మీద రీలు ఆకారం గీసి, తీసిన మరమేకును దాని స్థానంలోనే గుచ్చివుంచుతారు. మార్చక తప్పని భాగాన్ని మార్చి, పాతదాన్ని పారవేయరు. ఏ తేదీన ఎక్కడి నుంచి తీసినదో రాసిన చీటీతో, ఉప్పు మరక కూడా తుడవకుండా, ఆ ముక్కను చిన్న సంచిలో వేసి రీలు పెట్టెలోనే ఉంచుతారు.