మలూలా కోరిన ఆఫ్రికా

జైర్ (నేటి కాంగో) పాలకుడు మొబుటు 1972లో ప్రజలందరూ క్రైస్తవ పేర్లు వదిలేసి ఆఫ్రికా పేర్లు పెట్టుకోవాలని హుకుం జారీ చేశాడు. అడ్డు నిలిచిన కిన్షాసా అగ్రపీఠాధిపతి కార్డినల్ జోసెఫ్ మలూలా మీద దేశీయతకు శత్రువన్న ముద్ర పడింది. ఆయన నివాసాన్ని లాక్కుని మొబుటు పార్టీ యువజన విభాగానికి అప్పగించారు. కొన్ని నెలలు ఆయన రోములో తలదాచుకోవలసి వచ్చింది. ఆ నింద ఎంత అన్యాయమో ఆయన గతమే చెబుతుంది. 1946లో గురువైన మలూలా, 1959లో సహాయక పీఠాధిపతిగా అభిషేకం పొందినప్పుడే కాంగో దేశంలో కాంగో శ్రీసభ వెలియాలని ప్రకటించారు. అప్పటికి దేశం ఇంకా బెల్జియం చేతిలోనే ఉంది.

అలాంటి మనిషి సొంత పేర్లనెందుకు కాదన్నారు? పరాయి పేర్లను పట్టుకుని వేలాడటం దేశీయత ఎలా అవుతుందని అడగవచ్చు. ప్రశ్న సబబైనదే. కానీ అదే కాలంలో మొబుటు గురువిద్యాలయాల్లో సైతం పార్టీ యువజన శాఖలు పెట్టాలన్నాడు. దీన్ని పక్కన పెట్టి చూస్తే పేర్ల తగాదా అర్థం కాదు. జ్ఞానస్నానంలో బిడ్డకు ఏ పేరు పెట్టాలో తల్లిదండ్రులు కాక ప్రభుత్వం తేల్చడమే ఇక్కడ అసలు సమస్య. జనం బతుకులోంచి రావలసిన సంస్కృతి ఏలినవారి ఆజ్ఞగా వస్తే అది ఏలినవారి సొత్తే అవుతుంది.

మలూలా కోరిన ఆఫ్రికా ఎలాంటిదో ఆయన పనిలోనే కనిపిస్తుంది. 1970ల నడుమ నుంచి కిన్షాసాలో విచారణల బాధ్యతను బకాంబి అనే గృహస్థులకు అప్పగించారు. గురువుల చేతుల్లో తప్ప నడవదనుకున్న వ్యవస్థలో అది చిన్న మార్పు కాదు. దానికన్నా లోతైనది ఆయన పట్టుబట్టిన కాంగో పూజావిధానం. అందులో పునీతులతో పాటు పూర్వీకులనూ పిలుస్తారు, బలిపీఠం చుట్టూ నాట్యమాడతారు. పశ్చాత్తాప ప్రార్థన మొదట్లో కాక, దైవవాక్కు విన్నాక వస్తుంది. దాని వెంటనే ఒకరికొకరు శాంతి చెప్పుకుంటారు. దీనికి 1988లో రోము ఆమోదం దొరికింది. రోము ముద్ర పడ్డాక ఇందులో సొంతమేముందని పెదవి విరిచేవారున్నారు. అనుమతి రోముదే, నిజం. కానీ ఆ లయ, ఆ పూర్వీకులు, ఆ భాష కాంగో జనానివి. వాటిని రోము కూడా తనవిగా ఒప్పుకునేదాకా మలూలా పట్టు విడవలేదు. మరుసటి ఏడాది జూన్‌లో ఆయన కన్నుమూశారు.

1997లో మొబుటు పాలన కూలింది, దానితో జైర్ అన్న పేరూ పోయింది. మలూలా పూజావిధానం మాత్రం నిలిచింది. 2019 డిసెంబరు 1న పోపు ఫ్రాన్సిస్ రోములోని కాంగో ప్రజలతో కలిసి, సెయింట్ పీటర్స్ బసిలికాలో అదే విధానంలో దివ్యపూజాబలి సమర్పించారు.