ఐదు పిన్నుల తీగ

చరిత్ర అంటే రాజులూ యుద్ధాలే అని అనుకుంటూ ఉంటిని. మా అయ్యవారు "మీ ఇంట్లో ఉండే ఒక వస్తువు చరిత్ర రాసుకొని రండి" అన్నారు. మా నాన్న ధర్మపురి చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో, మారియమ్మ పండగల్లో మెల్లిశై కచేరీలకు కీబోర్డు వాయిస్తారు. ఆ కీబోర్డు వెనక ఐదు పిన్నుల తీగ ఒకటి ఉంది. దాని గురించే రాస్తున్నాను.

ఆ తీగలో శబ్దం పోదు, అంకెలే పోతాయి. ఏ మెట్టు నొక్కాము, ఎంత గట్టిగా నొక్కాము అనేది 0 నుండి 127 వరకు ఉండే అంకెల్లో చెబుతుంది. దీన్నే మిడి అంటారు. సెకనుకు 31,250 బిట్లు పోతాయి. ఒకే తీగలో 16 ఛానెళ్ళు ఉంటాయి.

ముందు ఒక కంపెనీ కీబోర్డు మాట ఇంకో కంపెనీ కీబోర్డుకు తెలిసేది కాదు. అందరికీ ఒకే భాష ఉండాలని అమెరికాలో డేవ్ స్మిత్, జపానులో ఇకుటారో కకెహాషి పూనుకున్నారు. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ ప్రదర్శనలో ప్రాఫెట్-600ను, జూపిటర్-6ను తీగతో కలిపారు. ఒకటి వాయిస్తే రెండోది కూడా పలికింది! ఈ పనికి 2013లో ఇద్దరికీ టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. మన మద్రాసు సినిమా పాటల్లోకి కూడా ఇది 1980లలోనే వచ్చింది.

పోయినేడు ఒక ఊరి పండగలో నాన్న కీబోర్డుకు ఇంకో సౌండు పెట్టెను కలిపారు. అమ్మవారి పాట మధ్యలో కీబోర్డును వేణువు నుండి వయొలిన్‌కు మార్చారు. ఆ మార్పు అంకె తీగలో పెట్టెకూ పోయింది. పెట్టెలో ఆ అంకె ట్రంపెట్టుది. జనం నవ్వేశారు. తరువాతి వారం పిలుస్తామన్నవాళ్ళు పిలవలేదు. నాన్న రెండు రోజులు కీబోర్డు ముట్టలేదు.

నేను డిక్షనరీ పెట్టుకొని దాని ఇంగ్లీషు పుస్తకం చదివితిని. రెండు పనులు తెలిసాయి. ఒకటి జల్లెడ పని. రాగిపిండి జల్లించినట్టు, శబ్దం మార్చే అంకెలు బయటికి పోకుండా ఆపాలి. ఇంకొకటి మడవ తిప్పే పని. తోటలో నీళ్ళు ఏ పాదికి పోవాలో ఆ పాదికే మడవ కడతాము కదా, అట్లా ఎడమచేతి మెట్లను 2వ ఛానెల్‌కు తిప్పాలి. పెట్టె మొదట అన్ని ఛానెళ్ళూ వింటూ ఉండింది. దాన్ని 2వ ఛానెల్ మాత్రమే వినేటట్టు పెట్టాలి. నేను చదివి చెబితే నాన్న మీటలు నొక్కారు.

ఈ ఏడు ఇంకో ఊరి పండగలో అదే పాట వాయించారు. నేను కింద కూర్చొని వేళ్ళు ముడుచుకొని విన్నాను. వేణువు పోయి వయొలిన్ వచ్చింది. పెట్టె తన పాట తాను పాడింది. దిగి వచ్చి నాన్న "నువ్వు చదివింది పనికొచ్చింది రా" అన్నారు.

మా ఇంట్లో అవ్వతో తెలుగు, అంగడిలో తమిళం, పుస్తకంలో ఇంగ్లీషు. ఏ మాట ఎవరికి పంపాలో తెలిస్తే అన్నీ కలిసే ఉంటాయి. ఆ తీగ దగ్గర నేను నేర్చుకున్న చరిత్ర ఇదే.