రేసింగ్ సిమ్యులేటర్లలో వాయు నిరోధం

వేగంగా పోతున్న కారును గాలి వెనుకకు లాగే బలాన్ని వాయు నిరోధం లేదా డ్రాగ్ అంటారు. కారు పందెపు సిమ్యులేటర్లు ఈ బలాన్ని కంప్యూటరు లెక్కల ద్వారా అనుకరిస్తాయి. ఆటలోని కారు నిజమైన కారువలె ప్రవర్తించడానికి టైర్ల తరువాత ముఖ్యమైనది ఇదే అని చెప్పవచ్చును.

భౌతిక సూత్రం

గాలి సాంద్రత, వేగం యొక్క వర్గం, డ్రాగ్ గుణకం, కారు ముందువైపు వైశాల్యం - ఈ నాలుగింటి లబ్ధంలో సగమే నిరోధ బలం. ఉదాహరణకు గుణకం 0.30, వైశాల్యం 2.2 చదరపు మీటర్లు ఉన్న కారుపై గంటకు 100 కి.మీ. వేగం వద్ద సుమారు 310 న్యూటన్ల బలం పనిచేస్తుంది. 200 కి.మీ. వద్ద ఇది నాలుగు రెట్లు, అనగా సుమారు 1,250 న్యూటన్లు అవుతుంది. దానిని ఎదుర్కొనడానికి కావలసిన సామర్థ్యం మాత్రం 8.7 కిలోవాట్ల నుండి 69 కిలోవాట్లకు, అనగా ఎనిమిది రెట్లు పెరుగుతుంది.

రెక్కలు, బయటకు కనిపించే చక్రాల వలన ఫార్ములా వన్ కార్ల గుణకం మామూలు కార్లకంటే చాలా ఎక్కువ. 300 కి.మీ. వేగంలో ఆక్సిలరేటరు వదిలితే చాలు, బ్రేకు తొక్కకుండానే కారు గట్టిగా మందగిస్తుంది. ఈ లక్షణం లేని ఆట ఎంత అందంగా కనిపించినా సిమ్యులేటరు అనిపించుకోదు.

అనుకరించే విధానం

కారు చుట్టూ గాలి ప్రవాహాన్ని పూర్తిగా గణించడానికి పెద్ద కంప్యూటర్లకు కూడా గంటల కాలం పడుతుంది. సిమ్యులేటరుకో సెకనుకు కొన్ని వందల సార్లు జవాబు కావాలి. అందువలన గుణకాలను ముందే పట్టికలలో ఉంచి, రెక్క కోణం, నేల నుండి కారు ఎత్తు మొదలైన వాటిని బట్టి సవరిస్తారు. 2005లో విడుదలైన ఆర్‌ఫాక్టర్‌లో కారు వివరాలను పాఠ్య ఫైళ్ళలో వ్రాసే వీలుండటంతో ఔత్సాహికులు తాము తయారుచేసిన కార్లకు ఈ సంఖ్యలను స్వయంగా నిర్ణయించగలిగారు.

గాలి సాంద్రతను స్థిరంగా తీసుకోవడం తరచు కనిపించే లోపం. సముద్ర మట్టానికి 2,200 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న మెక్సికో నగరపు ట్రాక్‌లో గాలి పలుచన కనుక నిరోధంతో పాటు కారును నేలకు అదిమే డౌన్‌ఫోర్స్ కూడా తగ్గాలి.

సరిచూచుట

గరిష్ఠ వేగం సరిపోయినంత మాత్రాన నమూనా సరైనదని అనలేము. ఇంజను సామర్థ్యాన్ని, నిరోధాన్ని రెండింటినీ ఎక్కువగా పెట్టినా అదే గరిష్ఠ వేగం వస్తుంది, త్వరణం మాత్రం తప్పుతుంది. ఇంతకంటే నమ్మదగినది, గేరును న్యూట్రల్‌లో ఉంచి వేగం తగ్గే తీరును అసలు కారుతో పోల్చడం. ఎక్కువ వేగంలో గాలిదే పైచేయి. తక్కువ వేగంలో టైర్ల దొర్లుడు నిరోధం ప్రధానమవుతుంది. కనుక ఏది తప్పిందో విడదీసి చెప్పవచ్చును.

స్లిప్‌స్ట్రీమ్

ముందు కారు వెనుక గాలి పీడనం తగ్గుతుంది కాబట్టి వెనుక వచ్చే కారుకు నిరోధం తక్కువ. 1998లో వచ్చిన గ్రాండ్ ప్రి లెజెండ్స్ ఆట 1967 నాటి రెక్కలు లేని కార్లను అనుకరించింది. మోంజా వంటి ట్రాక్‌లో అటువంటి కార్ల పందెం ఈ ప్రభావం మీదనే ఆధారపడి ఉండేది. రెక్కలున్న కార్లలో లెక్క ఇంకా క్లిష్టం; వెనుక కారు నిరోధంతో పాటు డౌన్‌ఫోర్స్‌ను కూడా కోల్పోయి మలుపులలో జారుతుంది. నాస్కార్ పందేలలో దగ్గరగా నడిచే రెండు కార్లు ఒంటరి కారుకంటే వేగంగా పోతాయి, అనగా ముందు కారుకు కూడా లాభమే. వెనుక కారుకు మాత్రమే నిరోధం తగ్గించే సాదా నమూనాలలో ఇది కనిపించదు.