మున్సిపల్ బండి నిజంగా ఎంత తిరిగింది? ఓడోమీటర్ లెక్కల్లో తేడాలను ఎలా పట్టుకుంటారు?

మీ వీధిలోకి వచ్చే చెత్త బండి, వేసవిలో కాలనీకి వచ్చే నీళ్ల ట్యాంకర్, అధికారి తిరిగే అద్దె కారు.. వీటి డీజిల్ బిల్లు, సర్వీసింగ్, కొన్ని ఒప్పందాల్లో అద్దె కూడా ఒకే అంకె మీద ఆధారపడి ఉంటాయి. అదే ఓడోమీటర్ రీడింగ్.

ఆ అంకె తప్పితే నష్టం రెండు వైపులా ఉంటుంది. ఎక్కువ చూపిస్తే తిరగని కిలోమీటర్లకు పన్నుల సొమ్ము పోతుంది. తక్కువ చూపిస్తే ఆయిల్, బ్రేకులు, టైర్లు మార్చాల్సిన సమయం దాటిపోయినా ఎవరికీ తెలియదు. అలాంటి బండి రోడ్డు మీద అందరికీ ప్రమాదమే.

మరి పదులు, వందల వాహనాలున్న చోట ఈ తేడాలను ఎలా గుర్తిస్తారు?

రీడింగ్ ఎక్కడ రాస్తారు?

ప్రతి వాహనానికీ ఒక లాగ్‌బుక్ ఉంటుంది. బండి బయల్దేరినప్పుడు, తిరిగొచ్చినప్పుడు మీటర్ రీడింగ్, వెళ్లిన చోటు, పని, పోయించిన డీజిల్ అందులో డ్రైవర్ రాస్తారు. బండిని వాడుకున్న అధికారి సంతకం చేస్తారు. నెలాఖరున దీని ఆధారంగానే బిల్లు తయారవుతుంది.

చిక్కు ఇక్కడే ఉంది. చాలా చోట్ల రీడింగ్ చూసేదీ, రాసేదీ ఒక్కరే. సంతకం పెట్టేవారు మీటర్ చూడకుండానే పెడితే, ఆ పుస్తకాన్ని సరిచూసేవారు ఇక లేనట్టే.

ఏవి కనిపిస్తే అనుమానించాలి?

లాగ్‌బుక్‌ను వరుసగా చదివితేనే కొన్ని విషయాలు బయటపడతాయి.

• ఈ రోజు మొదటి రీడింగ్, నిన్నటి చివరి రీడింగ్‌తో కలవకపోవడం.
• రీడింగ్ ముందు రోజు కంటే తగ్గడం.
• నెలంతా రోజుకు సరిగ్గా 80 కిలోమీటర్లు, ఒక్కటి కూడా తేడా లేకుండా ఉండటం. నగరం ట్రాఫిక్‌లో, రోడ్డు పనుల మధ్య ఇది జరగని పని.
• బండి షెడ్డులో రిపేరులో ఉన్న రోజుల్లోనూ కిలోమీటర్లు పడటం.
• ట్యాంకు సామర్థ్యం కంటే ఎక్కువ డీజిల్ ఒకేసారి పోసినట్టు బిల్లు ఉండటం.

ఒక్క అంకె చాలదు.. మూడు లెక్కలు పక్కపక్కన పెట్టాలి

ఓడోమీటర్ ఒక్కటే చూస్తే ఏదీ తేలదు. వేర్వేరు చోట్ల, వేర్వేరు మనుషులు రాసిన లెక్కలను దాని పక్కన పెట్టాలి. ఒక ఉదాహరణ చూద్దాం.

ఒక చెత్త టిప్పర్ 26 రోజుల్లో 1,950 కిలోమీటర్లు తిరిగినట్టు లాగ్‌బుక్‌లో ఉందనుకుందాం. డీజిల్ 150 లీటర్లు. అంటే లీటరుకు 13 కిలోమీటర్లు. చూడటానికి అంతా బాగానే ఉంది.

ఇప్పుడు డంపింగ్ యార్డు వేబ్రిడ్జి స్లిప్పులు తీద్దాం. నెలలో 52 ట్రిప్పులు. ఒక్కో ట్రిప్పు రానూ పోనూ 24 కిలోమీటర్లు. మొత్తం 1,248. జీపీఎస్ చూస్తే 1,240. రెండూ దాదాపు కలిశాయి. లాగ్‌బుక్ మాత్రం 700 కిలోమీటర్లు ఎక్కువ చెబుతోంది.

తర్వాత ట్యాంకు నిండా డీజిల్ పోసి, అదే రూటులో తిప్పి, మళ్లీ నిండా పోసి చూస్తే లీటరుకు 12 కిలోమీటర్లు వచ్చిందనుకుందాం. 1,240 కిలోమీటర్లకు కావాల్సింది సుమారు 103 లీటర్లు. మిగతా 47 లీటర్లు ఏమయ్యాయో సమాధానం రావాలి. లీటరు రూ.95 చొప్పున వేసుకున్నా నెలకు రూ.4,400 పైనే. ఇలాంటి బండ్లు వంద ఉంటే నెలకు రూ.4 లక్షలు దాటుతుంది.

ఆడిటర్లు వాడే పద్ధతి కూడా ఇదే. బిహార్ దాణా కుంభకోణంలో లారీలంటూ బిల్లుల్లో చూపిన నంబర్లను రవాణా శాఖ రికార్డులతో పోల్చినప్పుడు, వాటిలో స్కూటర్లు, ఆటోలు ఉన్నట్టు తేలింది. తెలంగాణలో గొర్రెల పంపిణీ పథకంపై కాగ్ చేసిన ఆడిట్‌లోనూ గొర్రెలను తరలించినట్టు చూపిన వాహనాల్లో బైకుల నంబర్లు బయటపడ్డాయి. బిల్లును బిల్లుతో కాకుండా, మరో కార్యాలయం రికార్డుతో పోల్చడం వల్లే ఇవి దొరికాయి.

తేడా ఉంటే మోసమేనా?

తొందరపడి డ్రైవర్‌ను దొంగను చేయకూడదు. నిజాయతీగా పనిచేసినా తేడాలు రావడానికి కారణాలున్నాయి.

రాతలో పొరపాటు: 48,210 బదులు 42,810 అని రాయడం మామూలే. తర్వాతి రోజుల రీడింగులు చూస్తే తెలిసిపోతుంది.

మీటర్ మార్పు: పాత మీటర్ పాడైతే కొత్తది సున్నా నుంచి మొదలుకావచ్చు. పాత రీడింగ్, మార్చిన తేదీ, షెడ్డు రసీదు లాగ్‌బుక్‌లో ఉంటే సరిపోతుంది. అవి లేకపోతేనే ప్రశ్న. అయిదు అంకెల పాత మీటర్లయితే 99,999 తర్వాత మళ్లీ సున్నాకు వస్తాయి.

టైర్ల అరుగుదల: 700 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న టైరు 8 మిల్లీమీటర్ల మందం అరిగితే వ్యాసం 16 మిల్లీమీటర్లు తగ్గుతుంది. చక్రం ఎక్కువసార్లు తిరుగుతుంది కాబట్టి మీటర్ సుమారు 2 శాతం ఎక్కువ చూపిస్తుంది. అందుకే రెండు మూడు శాతం తేడాను పట్టించుకోరు.

నిలబడి పనిచేసే బండ్లు: చెత్తను నొక్కే కంపాక్టర్, మోటారుతో నీళ్లు తోడే ట్యాంకర్ ఆగి ఉన్నప్పుడూ ఇంజిన్ నడుస్తుంది. వీటికి కిలోమీటర్లతో పాటు ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందో కూడా చూడాలి.

జీపీఎస్ ఉంటే చాలదా?

కొత్త ప్రయాణికుల రవాణా వాహనాలకు ఏఐఎస్ 140 ప్రమాణాలున్న ట్రాకింగ్ పరికరం 2019 జనవరి 1 నుంచి తప్పనిసరి. ఆటోలు, ఈ-రిక్షాలకు మినహాయింపు ఉంది. చాలా నగరాల్లో చెత్త బండ్లకూ జీపీఎస్ పెడుతున్నారు.

అయితే జీపీఎస్ కూడా తప్పు చూపగలదు. ఫ్లైఓవర్ల కింద, ఎత్తయిన భవనాల మధ్య సిగ్నల్ పోతుంది. పరికరం వైరు తీసేస్తే ఆ గంటల లెక్కే ఉండదు. అందుకే సిగ్నల్ ఎప్పుడు, ఎంతసేపు పోయిందన్నది కూడా చూడాలి. రోజూ ఒకే సమయంలో, ఒకే చోట పోతుంటే కారణం అడగాల్సిందే.

తేలితే ఏమవుతుంది?

ముందు వివరణ అడుగుతారు, అదనంగా చెల్లించిన సొమ్ము రికవరీ చేస్తారు. మోసగించే ఉద్దేశంతో ఉద్యోగి లెక్కల పుస్తకాలను మార్చినట్టు రుజువైతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 344 కింద ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు.

మీరు ఏం అడగొచ్చు?

సమాచార హక్కు చట్టం కింద లాగ్‌బుక్ నకలు అడగొచ్చు. తెలుగు రాష్ట్రాల్లో దరఖాస్తు రుసుము గ్రామ స్థాయిలో లేదు. మండల స్థాయిలో రూ.5, ఆపై కార్యాలయాల్లో రూ.10. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే మొదటి అప్పీలు వేయొచ్చు. కార్యాలయానికి వెళ్లి రికార్డులు స్వయంగా చూసే హక్కు కూడా ఉంది, మొదటి గంటకు రుసుము లేదు.

దరఖాస్తులో డ్రైవర్ పేరు అడగొద్దు. వ్యక్తిగత సమాచారమంటూ తిరస్కరించే వీలుంటుంది. వాహనం నంబరు, నెల రాసి ఈ నాలుగూ కలిపి అడగండి: లాగ్‌బుక్, డీజిల్ బిల్లులు, వేబ్రిడ్జి లేదా ట్రిప్పు స్లిప్పులు, జీపీఎస్ నెలవారీ నివేదిక. లాగ్‌బుక్ ఒక్కటే తెచ్చుకుంటే చేతిలో ఒక అంకె ఉంటుంది. నాలుగూ ఉంటే ఆ అంకె నిజమో కాదో మీరే తేల్చుకోవచ్చు.