కోలారు వరిమళ్ల నుంచి టీకా దాకా

బ్రూక్‌ఫీల్డ్ నుంచి తూర్పుగా హొసకోటె మీదుగా సాగే దారి కోలారుకు చేరుతుంది. చెరువులకూ బంగారు గనులకూ పేరుపొందిన ఆ జిల్లాలో ఎన్నో ఇళ్లలో తెలుగే మాతృభాష. వైద్యశాస్త్రంలో ఆ జిల్లా పేరు నిలవడానికి మరొక కారణం ఉంది. 1980ల ఆరంభంలో అక్కడి ఒక రోగి నుంచి సేకరించిన మెదడువాపు వైరస్, మూడు దశాబ్దాల తరువాత హైదరాబాదులో టీకాకు మూలమైంది. దానిని పరీక్షించి, స్వభావాన్ని నిర్ధారించినది పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ. ఆ కాలంలో ఆ సంస్థకు సంచాలకురాలు డాక్టర్ ఖోర్షెద్ పావ్రీ.

ఆ సంస్థ 1952లో, భారత వైద్య పరిశోధనా మండలి, అమెరికాకు చెందిన రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్‌ల ఉమ్మడి కృషితో, వైరస్ పరిశోధనా కేంద్రంగా వెలసింది. దోమలు, గోమార్లు మోసుకొచ్చే వైరస్‌లను వెదకడమే దాని తొలి లక్ష్యం. 1955లో ఉత్తర ఆర్కాటు నుంచీ, పొరుగునున్న ఆంధ్ర ప్రాంతం నుంచీ మెదడువాపుతో వెల్లూరు ఆసుపత్రికి వచ్చిన రోగులలో జపాన్ మెదడువాపు వ్యాధిని గుర్తించారు. మనుషులలో ఆ వ్యాధిని మన దేశంలో కనుగొనడం అదే మొదలు.

పావ్రీ పరిశోధన ఒక్క వ్యాధికి పరిమితం కాలేదు. 1963లో కలకత్తాలో రక్తస్రావంతో కూడిన జ్వరం ప్రబలినప్పుడు, రోగుల నమూనాలను పరీక్షించిన శాస్త్రవేత్తలలో ఆమె ఒకరు. ఆ విపత్తులో డెంగీ, చికున్‌గున్యా వైరస్‌లు రెండూ బయటపడ్డాయి. చికున్‌గున్యాను మన దేశంలో గుర్తించడం అదే ప్రథమం. 1964-65లో అది వెల్లూరు, విశాఖపట్నం, రాజమండ్రి, కాకినాడ పట్టణాలను కూడా పట్టి పీడించింది. 1965లో ఆమె కె. ఆర్. పి. సింగ్‌తో కలిసి, పశ్చిమ భారతంలో పట్టిన క్యూలెక్స్ దోమల నుంచి వెస్ట్ నైల్ వైరస్‌ను వేరుచేసిన వృత్తాంతాన్ని ప్రకటించారు. 1969లో డెంగీ వైరస్‌ను వేరుచేయడం, గుర్తించడం ఒకేసారి సాధ్యమయ్యే పరీక్షా విధానాన్ని వివరించారు.

1978లో ఆ కేంద్రం జాతీయ వైరాలజీ సంస్థగా మారింది. అదే సంవత్సరం పావ్రీ సంచాలక బాధ్యత స్వీకరించి 1988 దాకా నిర్వహించారు. ఆ పదవిని అలంకరించిన తొలి మహిళ ఆమెయే. ఆ రోజులలోనే మెదడువాపు కోలారు పల్లెలను వణికించింది.

ఈ వ్యాధి నడక విచిత్రమైనది. వైరస్‌కు సహజ నివాసం కొంగలవంటి నీటిపక్షులు. పందుల శరీరంలో అది విపరీతంగా పెరుగుతుంది. పందులు మాత్రం జబ్బుపడినట్లు సాధారణంగా కనిపించవు. వరిమళ్ల నీటిలో పుట్టి సంధ్యవేళ బయలుదేరే క్యూలెక్స్ దోమలు దానిని మనిషికి చేరుస్తాయి. చెరువు నిండి వరి పచ్చగా ఉన్న కాలమే దోమలకూ అనుకూలమైన కాలం. మనిషి రక్తంలో వైరస్ అతిస్వల్పం కనుక, అతని నుంచి మరొకరికి పాకదు. వైరస్ సోకినవారిలో అత్యధికులకు ఏ లక్షణమూ కనిపించదు. కాని మెదడుకు పాకితే నూటికి ఇరవై ముప్ఫైమంది మరణిస్తారు. బతికినవారిలోనూ చాలామందికి మాట, నడక, తెలివితేటలు దెబ్బతింటాయి. బాధితులలో ఎక్కువమంది పసిపిల్లలే.

అప్పట్లో కసౌలీలోని కేంద్ర పరిశోధనా సంస్థ, ఎలుక మెదడులో పెంచిన వైరస్‌తో టీకా తయారుచేసేది. ఆ విధానంలో పెద్దమొత్తంలో ఉత్పత్తి కష్టం. 2005లో గోరఖ్‌పూర్ ప్రాంతంలో వ్యాధి విజృంభించిన పిమ్మట, 2006 నుంచి చైనా టీకాను తెప్పించి పిల్లలకు వేయవలసి వచ్చింది. చివరకు కోలారు వైరస్‌ను పుణే సంస్థ హైదరాబాదులోని భారత్ బయోటెక్‌కు అందించింది. దానిని జంతుకణాల వర్ధనంలో పెంచి, నిర్జీవం చేసి రూపొందించిన స్వదేశీ టీకా 2013లో విడుదలైంది. కోలారులో నమూనా ఇచ్చిన ఆ రోగి పేరు చరిత్రకు తెలియదు. ఆ నమూనాను శ్రద్ధగా పరీక్షించి, జాగ్రత్తగా కాపాడినవారు ఉండబట్టే అది రాబోయే తరం పిల్లలకు రక్షణ అయింది.

పావ్రీ పరిశోధించిన మరొక ప్రశ్న డెంగీకి సంబంధించినది. అందరికీ సోకే జ్వరం కొందరినే ఎందుకు ప్రాణాపాయ స్థితికి నెడుతుంది? 1987లో ఎస్. ఆర్. ప్రసాద్‌తో కలిసి, శరీరంలోని రోగనిరోధక కణాల పాత్రలో ఆమె సమాధానం వెదికారు. ఆ ప్రశ్న నేటికీ పూర్తిగా తీరలేదు. దానిని తీర్చవలసినవారు బహుశా ఈనాడు తరగతి గదులలోనే కూర్చుని ఉన్నారు.

బ్రూక్‌ఫీల్డ్‌లో వరిమళ్లు లేవు. అయినా పూలకుండీ అడుగున, మూతలేని నీటితొట్టిలో, మేడపైన పడవేసిన టైరులో డెంగీని మోసే ఏడిస్ దోమ గుడ్లు పెడుతుంది. అది ఎక్కువగా పగటిపూట కుడుతుంది. వారానికి ఒకనాడు ఆ నీటిని పారబోయడం చిన్న పనే. ఇటువంటి చిన్న పనులను విసుగు లేకుండా సంవత్సరాల తరబడి చేయడమే శాస్త్రమని పావ్రీ వంటివారి జీవితం చెబుతుంది.