హయోఫిలా ఇన్వొల్యూటా

హయోఫిలా ఇన్వొల్యూటా పాటియేసీ కుటుంబానికి చెందిన చిన్న మాస్ మొక్క. తడి రాళ్లు, సున్నపు గచ్చు, సిమెంటు కట్టడాల మీద పెరుగుతుంది. నేపాల్ నుంచి వచ్చిన నమూనాలను చూసి విలియం జాక్సన్ హుకర్ 1819లో దీన్ని జిమ్నోస్టోమమ్ ఇన్వొల్యూటమ్ పేరుతో వర్ణించాడు. 1870లలో ఆగస్ట్ యేగర్ ఇప్పటి ప్రజాతిలోకి మార్చాడు. ఉష్ణమండల దేశాల్లోనే కాదు, ఉత్తర అమెరికాలో సున్నపురాతి వాగుల ఒడ్డునా ఇది కనిపిస్తుంది. భారతదేశపు మైదానాల్లో సర్వసాధారణం. కర్నూలు జిల్లా పడమటి వైపు, ఆదోని, ఎమ్మిగనూరు పరిసరాల్లో తడినేల మాస్‌ల కోసం బయల్దేరినవారు మొదట పోల్చుకోవలసింది దీన్నే.

ఆవాసం

తడినేల మాస్ అనగానే స్ఫాగ్నమ్ గుర్తుకొస్తుంది. నర్సరీల్లో కుండీల కోసం అమ్మే ఆ మాస్ మన దేశంలో హిమాలయాల్లోనూ పడమటి కనుమల్లోనూ చల్లని ఎత్తుల్లో పెరిగేది. ఆదోని సీమలో అలాంటి బురద బయళ్లు లేవు. ఇక్కడ వాన ప్రధానంగా నైరుతి చివర్లో, సెప్టెంబరు చుట్టూ కురుస్తుంది, అదీ ఏటా ఒకలా కురవదు. అందుచేత ఇక్కడ మాస్‌కు తడినేల అంటే చాలావరకు మనిషి కట్టినదే. హోస్పేట దగ్గరి తుంగభద్ర డ్యామ్ నుంచి వచ్చే దిగువ కాలువ, అంటే రైతులు ఎల్లెల్సీ అనేది, దాని తూములు, పిల్లకాలువల రాతికట్టు. హంద్రీ నది మీద గోనెగండ్ల మండలంలో ఉన్న గాజులదిన్నె ప్రాజెక్టు (సంజీవయ్య సాగర్) కట్టడాలు. ఊళ్లలో ఇంకా నీళ్లున్న దిగుడు బావుల మెట్లు. కుళాయిల కింద నిత్యం తడిసే సిమెంటు గచ్చు. ఇలాంటి తావులే దీనికి సరిపడతాయి. సహజమైన తావు ఏదైనా ఉందంటే మంత్రాలయం, కోసిగి వైపు తుంగభద్ర ఒడ్డున నీటిమట్టానికి కాస్త పైన నిలిచిన బండలు.

ఏ రాయి అన్నది ఇక్కడ పెద్ద విషయం. ఆదోని కోట ఉన్న కొండలు గ్రానైటువి. గ్రానైటులో సున్నం తక్కువ. ఈ మాస్‌కు సున్నం ఇష్టం కాబట్టి బండ మీద వెతకడం కంటే పాత కట్టడాల్లో రాయికీ రాయికీ మధ్య నింపిన సున్నపు గచ్చులో వెతకడం మేలు. కోట కొండల్లో సగం ఎత్తున ఒక చెరువు ఉందని, అది ఎండదని చెబుతారని బ్రిటిష్ కాలపు గెజిటీరు ప్రస్తావిస్తుంది. అలాంటి నీటి అంచుల్లో ఉత్తరం వైపు తిరిగిన గోడలు ముందు చూడాలి. వాన వెళ్లిపోయిన చలికాలంలో సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు కనుక ఆ గోడల మీద తడి ఎక్కువ రోజులు నిలుస్తుంది.

నల్లరేగడి చేలల్లో మాత్రం దీన్ని ఆశించడం వృథా. తడిస్తే ఉబ్బి, ఎండితే జానెడు లోతు నెర్రెలిచ్చే నేలలో ఏళ్ల తరబడి బతికే మాస్ నిలదొక్కుకోలేదు. చెరువు నీరు వెనక్కి తగ్గినప్పుడు బయటపడే బురదలో కొద్ది వారాల్లో పుట్టి, సిద్ధబీజాలు రాల్చి, మాయమయ్యే జాతులకే ఆ చోటు అనువు. ఫిస్కోమిట్రియమ్ మాస్, రెండు పాయలుగా చీలుతూ పోయే రిక్సియా అనే లివర్‌వర్ట్ ఆ కోవలోవి.

గుర్తింపు

మొక్క ఎత్తు సాధారణంగా సెంటీమీటరు, బాగా తడి ఉన్నచోట రెండు. ఒత్తుగా, ముదురాకుపచ్చ నుంచి గోధుమ రంగు తిరిగిన తివాచీలా పరుచుకుంటుంది. రంగును నమ్మి పేరు పెట్టకూడదు. బావి మెట్ల మీద కాలు జారించే పాచి చాలాసార్లు శైవలమే. దానికి కాండమూ ఆకులూ ఉండవు. పది రెట్లు పెద్దది చేసి చూపే చేతి లెన్సులో ఆకులు కనిపిస్తేనే మాస్ సంగతి మొదలవుతుంది.

దీనికి అసలైన పరీక్ష నీటి చుక్క. ఎండినప్పుడు ఆకుల అంచులు లోపలికి గట్టిగా చుట్టుకుని, మొక్క నల్లబడి చచ్చినట్టు ఉంటుంది. తడి తగలగానే ఆకులు నిమిషాల్లో విప్పుకుని చదునుగా పరుచుకుంటాయి. మాస్‌కు నిజమైన వేళ్లు లేవు. మూలతంతువులు ప్రధానంగా పట్టు కోసమే. నీటిని ఆకులే నేరుగా పీల్చుకుంటాయి. కాలువకు నీళ్లు ఆపిన నెలల్లో ఈ జాతి బతికి బట్టకట్టేది ఇలాగే. ఆకు రెండు మూడు మిల్లీమీటర్ల పొడవు, నాలుక ఆకారం; కొన దగ్గర అంచున సన్నని రంపపు పళ్లు; మధ్య ఈనె దాదాపు కొనదాకా సాగుతుంది. సూక్ష్మదర్శినిలో ఆకు పైతలపు కణాలు చిన్న బుడిపెల్లా లేచి ఉంటాయి, అడుగుతలం నునుపు.

పై ఆకుల గ్రీవాల్లో నక్షత్రాకారపు జెమ్మాలు (రాలిపడి కొత్త మొక్కలుగా ఎదిగే చిన్న ముక్కలు) దొరికితే అనుమానం దాదాపు తీరినట్టే. మగ, ఆడ మొక్కలు వేరువేరు కావడంతో సిద్ధబీజాలుండే గుళికలు అంత తరచుగా కనబడవు. జెమ్మాలే వ్యాప్తికి పెద్ద దిక్కు. గుళిక దొరికితే మరీ మంచిది. అది నిటారుగా, స్తంభాకారంగా ఉంటుంది, నోటి దగ్గర పరిముఖ దంతాలు ఉండవు. ఇంటర్ వృక్షశాస్త్ర పుస్తకంలో అందరూ బొమ్మ గీసిన ఫ్యునేరియాకు గుళిక వంకరగా, బేరికాయ ఆకారంలో, దంతాలతో ఉంటుంది కనుక ఆ రెంటినీ తికమక పడే అవకాశం లేదు. పొరపడేది గోడల మీద విరివిగా పెరిగే బార్బులా ఇండికాతో. దాని ఆకు అంచులు లోపలికి కాక వెనక్కి మడుస్తాయి, గుళిక దంతాలు పొడవుగా మెలితిరిగి ఉంటాయి. ఆకులు రెండే వరసల్లో ఈకలా అమరితే అది ఫిసిడెన్స్. వెండి తెలుపు తిరిగితే బ్రయమ్ అర్జెంటియమ్.

జాతి పేరు ఖాయపరచుకోవడానికి ఎక్కువమంది ఆశ్రయించేవి హెచ్.సి. గంగూలీ 1969 నుంచి 1980 దాకా వెలువరించిన తూర్పు భారత మాస్‌ల సంపుటాలు, 1975 నాటి ఆర్.ఎస్. చోప్రా గ్రంథం.

నమూనా సేకరణ

ఆగస్టు నుంచి జనవరి దాకా అనువైన కాలం. గోరంత ముక్క చాలు, పట్టంతా పెకలించడం అనవసరం. ప్లాస్టిక్ సంచిలో వేస్తే బూజు పడుతుంది, మడిచిన కాగితం పొట్లంలో నీడన ఆరబెట్టాలి. పొట్లం మీద ‘ఆదోని, రాయి మీద’ అని రాస్తే సరిపోదు. గ్రానైటా, సున్నపు గచ్చా, సిమెంటా. నీటిమట్టానికి ఎంత ఎత్తున ఉంది. ఆ రోజు కాలువలో నీళ్లు పారుతున్నాయా, ఆపేశారా అన్నవి కూడా రాయాలి.