పురీ బాట: ఖరగ్‌పూరు నుండి సింహాచలము దాక

తీర్థయాత్రలను గూర్చిన ప్రసంగములలో క్షేత్రమాహాత్మ్యము వినబడునంతగా బాట వృత్తాంతము వినబడదు. పూర్వకాలపు యాత్రికుడు క్షేత్రమున గడపినవి కొలది దినములు. బాటపై గడపినవి మాసములు. వాని కష్టసుఖములన్నియు ఆ బాటపైననే జరిగినవి. అట్టి బాటలలో ఒకటి ఖరగ్‌పూరులోని తెలుగువారి యిండ్లకు మిక్కిలి చేరువగా పోవుచున్నది. మేదినీపురము నుండి నారాయణగఢ్, బేల్దా, దాంతన్, జలేశ్వరము, బాలేశ్వరము, భద్రకము, కటకముల మీదుగా పురుషోత్తమక్షేత్రమునకు పోవు ఈ మార్గమునకు జగన్నాథ సడక్ అని పేరు. పూరీ దాటిన పిమ్మట అదియే కళింగతీరమును బట్టి శ్రీకూర్మము, సింహాచలముల వైపు సాగును.

ఈ బాట ఏ యొక్క రాజు వేసినదియు కాదు, ఏ యొక్క భాషవారిదియు కాదు. వంశధారా తీరమందలి కళింగనగరము, అనగా నేటి శ్రీముఖలింగము, రాజధానిగా పాలించిన తూర్పు గాంగులు 12వ శతాబ్దిలో ఉత్తరమునకు వ్యాపించిరి. పూరీలో జగన్నాథుని మహాలయమునకు పునాది వేసిన అనంతవర్మ చోడగంగదేవుడు ఆ వంశమువాడే. 13వ శతాబ్దిలో కోణార్కమున సూర్యాలయమును నిర్మించిన నరసింహదేవుని కాలముననే సింహాచల దేవాలయమును విస్తరిల్లినది. శ్రీకూర్మమున 1281 నాటి నరహరితీర్థుల శాసనము కలదు. ఒకే రాజవంశపు దానధర్మములు ముఖలింగము మొదలు పూరీ వరకు పూసలవలె వరుసగానుండగా, వానిని గుచ్చిన దారము ఈ బాట.

గాంగుల తరువాత గజపతులు వచ్చిరి. 15వ శతాబ్ది నడుమ కపిలేశ్వర గజపతి అధికారము కృష్ణానది దాటి కొండవీటి వరకు వ్యాపించెను. ఆయన కాలమునకు చెందిన శాసనము ఖరగ్‌పూరునకు అనతిదూరమున కేశియారీ చెంత కురుంబేరా రాతికోటలోను ఉన్నది. ఆంధ్రదేశమున రాజమహేంద్రవరము నేలినవాని పేరే ఇచ్చట మేదినీపుర మండలమందును శిలపై నిలిచినదన్నమాట. ఈ నేల తెలుగువారికి పూర్తిగ పరాయిది యనుకొనువారు ఈ కోటను ఒకసారి చూడవలెను.

1510లో చైతన్యదేవుడు వంగదేశము నుండి పూరీ చేరి, అదే సంవత్సరము దక్షిణయాత్రకు బయలుదేరెను. రేమునాలో గోపీనాథుని, జాజ్‌పూరు క్షేత్రమును సేవించి పూరీ చేరిన ఆ మహనీయుడు, పిమ్మట కూర్మక్షేత్రమును, సింహాచల నృసింహుని దర్శించి, గోదావరీతీరమున రామానంద రాయలతో సమావేశమయ్యెను. ఆ రామానందుడు ప్రతాపరుద్ర గజపతికి ప్రతినిధిగా అచ్చట పాలన సాగించుచుండినవాడు. ఆరు సంవత్సరముల అనంతరము 1516లో దక్షిణమునుండి జైత్రయాత్రకు వచ్చిన కృష్ణదేవరాయలు సింహాచలమున స్వామికి కానుకలు సమర్పించి శాసనము వేయించెను. ఒకే బాటపై ఉత్తరమునుండి భక్తుడును, దక్షిణమునుండి చక్రవర్తియు నడచిరి.

1803లో ఈస్టిండియా కంపెనీవారు ఒరిస్సాను వశపరచుకొనిన తరువాత ఈ బాటకు క్రొత్త రూపు వచ్చినది. సేనలు నడచుటకును, యాత్రికులు పోవుటకును పనికివచ్చునట్లు దానిని ఎత్తుచేసి వంతెనలు కట్టిరి. కలకత్తా నివాసి రాజా సుఖమయ రాయ్ ఇందులకై 1,50,000 రూపాయలు విరాళమొసగెను. అయితే బాట బాగుపడినంత మాత్రమున యాత్రికుని బ్రతుకు బాగుపడలేదు. 1806లో కంపెనీవారు పూరీ యాత్రికులపై పన్ను విధించిరి. అది 1840 వరకు తొలగలేదు. పండాల మనుషులు ఊరూర తిరిగి యాత్రికులను, ముఖ్యముగ స్త్రీలను, ప్రోగుచేసి గుంపులుగా నడిపించుచుండిరి. ఎచ్చట దిగవలెనో, ఎవరికి ఎంత ఈయవలెనో ఆ మనుషులే నిర్ణయింతురు. వానకాలమున రథయాత్రకు పోయి మరలువారిలో ఎందరో కలరా వాతబడి దారిప్రక్కననే ప్రాణములు విడిచిరి.

ఇట్టి కాలమున ఒక తెలుగువాడు తన యాత్రను తానే నిర్ణయించుకొని ఈ తీరమున నడచెను. ఆయనయే ఏనుగుల వీరాస్వామయ్య. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసిగా పనిచేసిన ఈయన 1830 మే 18న బయలుదేరి, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశి చేరి, గయ, కలకత్తా, జగన్నాథములు చూచుకొని, తూర్పుతీరమును బట్టి 1831 సెప్టెంబరు 3న స్వస్థలము చేరెను. పల్లకియు, బోయీలును, పెద్ద పరివారమును ఆయన వెంట నుండిరన్నది నిజమే. కాని ఆయన ఘనత పల్లకిలో లేదు. ఏ మజిలీకి ఏ మజిలీ ఎంత దూరము, నీరు మంచిదా, అంగడిలో ఏ వస్తువులు దొరకును, దిగుటకు సత్రమున్నదా, ఏరు దాటుటకు పడవ యున్నదా అను సంగతులను ఆయన దినదినము వ్రాసి స్నేహితుడైన కోమలేశ్వరపు శ్రీనివాసపిళ్ళెకు తెలుపుచుండెను. వీరాస్వామయ్య 1836లో మరణించెను. శ్రీనివాసపిళ్ళె ఆ వ్రాతలను 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చువేయించెను. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు దానిని పరిష్కరించి మరల ప్రకటించిరి.

ఈ గ్రంథమును పలువురు భాషకొఱకును, నాటి సాంఘికచరిత్ర కొఱకును చదువుచున్నారు. మరియొక ప్రయోజనమును దీనిలో కలదు. దారిచూపు మనిషిపై ఆధారపడక, దారిని తానే తెలిసికొని పోదలచిన యాత్రికునకు తెలుగున ఇంతటి విపులమైన తోడు అంతకు పూర్వము లేదనవచ్చును. నీరు, నీడ, దూరము, ధర: ఈ నాలుగును తెలిసినవాడు ఎవరికిని లొంగి నడువవలసిన పనిలేదు. వీరాస్వామయ్య వెనుకటివారికి ఒసగిన స్వాతంత్ర్యము ఇది.

ఇంతలో కాలము మారెను. 1887 మే 25న కలకత్తా నుండి చాంద్‌బాలీకి యాత్రికులతో పోవుచున్న సర్ జాన్ లారెన్స్ అను పొగయోడ తుపానులో మునిగి సుమారు 750 మంది జలసమాధియైరి. వారిలో ఎక్కువమంది పూరీకి బయలుదేరిన స్త్రీలు. బాటపై వ్యాధి, సముద్రముపై తుపాను: ఈ రెండింటి నడుమ నలిగిన యాత్రికులకు రైలు అభయమిచ్చినట్లయ్యెను. 1893 మొదలు 1896 లోపల బెజవాడ నుండి కటకము వరకు ఈస్టుకోస్టు రైలుమార్గము పడెను. 1897లో పూరీకి శాఖ వచ్చెను. 1898-99లో బెంగాల్ నాగపూర్ రైల్వేవారు ఖరగ్‌పూరు, కటకములను కలిపిరి. 1900లో రూపనారాయణ నదిపై కోలాఘాట్ వంతెన పూర్తియై హౌరాకు మార్గము తెరువబడెను. 1902లో కటకము, వాల్తేరుల నడిమి మార్గమును బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చెను.

దీని ఫలితములు రెండు. సత్రములు పాడుపడి, బావులు పూడి, నడిచిపోవువారు లేక జగన్నాథ సడక్ మూగవోయినది. ఆ పట్టాల వెంటనే శ్రీకాకుళము, విశాఖపట్టణము, గంజాము ప్రాంతముల తెలుగువారు వర్క్‌షాపు పనికి, లోకోషెడ్డు పనికి, స్టేషను పనికి ఖరగ్‌పూరు చేరిరి. రైల్వే మాటయే పేటపేరుగా నిలిచిన ట్రాఫిక్‌లోను, నింపురా మొదలగు తావులలోను వారి కుటుంబములు తరతరములుగా కాపురముండినవి. పూర్వులు నడచిన బాటను ఆపినది రైలు; వారి సంతతిని ఆ బాట ప్రక్కకే తెచ్చి నిలిపినదియు రైలే. పండుగకు స్వగ్రామము పోవు తెలుగుబిడ్డ రాత్రి బండియెక్కి, తెల్లవారునప్పటికి పలాసలోనో, శ్రీకాకుళము రోడ్డులోనో కన్ను తెరచును. సువర్ణరేఖ, వైతరణి, బ్రాహ్మణి, మహానది అతని నిద్రలోనే దాటిపోవును.

ఆ నిద్రనుండి మేల్కొలుపదగిన సాధనము సైకిలు. 1926లో కలకత్తానుండి విమల్ ముఖర్జీ యను యువకుడు మిత్రులతో సైకిలుపై ప్రపంచయాత్రకు బయలుదేరి 1937లో తిరిగివచ్చెను. 1949లో మద్రాసున టి.ఐ. సైకిల్స్, 1952లో ఆసన్‌సోల్ వద్ద సెన్-రాలీ కర్మాగారములు వెలసిన పిమ్మట సైకిలు సామాన్యుని వాహనమైనది. ఖరగ్‌పూరు వంటి కార్మికనగరమున దాని విలువను ఎవరును చెప్పనక్కరలేదు. పల్లకికి బోయీలు కావలెను. రైలుకు పట్టాలు కావలెను. సైకిలుకు తొక్కువాని కాళ్ళు చాలును. ఇష్టమైనచోట ఆగుటయు, ఇష్టమైన సందులోనికి తిరుగుటయు దాని సొత్తు.

ఖరగ్‌పూరు నుండి పూరీ సుమారు 380 కిలోమీటర్లు. దినమునకు 60, 70 కిలోమీటర్ల చొప్పున ఆరు దినముల పయనము. కార్తీకము మొదలు మాఘము వరకు అనుకూలమైన కాలము. అప్పుడు ఉత్తరపుగాలి వెనుకనుండి త్రోయును. ఫాల్గుణము వచ్చిన సముద్రపుగాలి ఎదురుతిరుగును. 16వ నంబరు జాతీయ రహదారిపై లారీల ఒత్తిడి మిక్కుటము గనుక వీలైనచోట్ల ఊళ్ళలోనుండి పోవు పాతదారి పట్టుట మేలు. మొదటి దినముననే దాంతన్ చెంత మొగల్‌మారి వద్ద ఆగవచ్చును. 2003-04 నుండి కలకత్తా విశ్వవిద్యాలయమువారు జరిపిన త్రవ్వకములలో అచ్చట ప్రాచీన బౌద్ధవిహారము బయల్పడినది. పిదప బాలేశ్వరము ప్రక్కన రేమునా, వైతరణీ తీరమున జాజ్‌పూరు విరజాదేవి, ఆపై కటకము, భువనేశ్వరము, పూరీ. దక్షిణమునకు సాగదలచినవారు సాతపడా వద్ద చిల్కా సరస్సును పడవపై దాటి గంజాము చేరవచ్చును. అటుపిమ్మట ఇచ్ఛాపురము, దారిపొడవున పడమట మహేంద్రగిరి పంక్తి, ముఖలింగము, అరసవిల్లి, శ్రీకూర్మము, తుదకు సింహగిరి. బాలేశ్వరమున ఒడియా, ఇచ్ఛాపురమున రెండు భాషలు, శ్రీకాకుళమున తెలుగు: మాట ఎచ్చట మారినదో తెలియకుండ మారుచుండును. దీనిని సైకిలుపై పోవువాడు చెవులార వినును.

వీరాస్వామయ్య తన వెనుక వచ్చువారికొఱకు నీటిని, నీడను, దూరమును, ధరను లెక్కవ్రాసి పెట్టెను. ఆ లెక్క నేటికి పాతబడినది. బావులు పూడినవి, సత్రములు మారినవి. కావున అట్టి లెక్కను మరల వ్రాయుట నేటి ఖరగ్‌పూరు తెలుగు యువకులకు తగిన పని. చలికాలపు సెలవులలో నలుగురు కలిసి బయలుదేరి, ఏ ఊర మంచినీరున్నది, ఏ గుడివద్ద పాతశాసనమున్నది, ఏ ముసలివారికి పాతబాట గుర్తున్నది అని దినదినము వ్రాసికొనవలెను. అట్లు వ్రాసినవారికి ఖరగ్‌పూరు ప్రవాసస్థానముగ తోచదు. తాతలు నడచిన బాటలో ఒక మజిలీగా తోచును.